ఖాళీ విమానం సీజీ చూసి బ్యాటరీ జరపకండి

దేవరకొండ దగ్గర సొంత షెడ్డులో కిట్ విమానం కట్టుకుంటున్న ఒక తమ్ముడి ప్రశ్న ఇది. సీజీ అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, విమానం బరువంతా సమంగా తూగే చోటు. ప్రశ్న క్లుప్తంగా ఆయన మాటల్లోనే:

"రెండు సీట్లు, పైన రెక్క, అల్యూమినియం బాడీ, ముందు చక్రం ఉన్న విమానం. ఇంజిన్ రోటాక్స్ 912. డిజైనర్ ఇచ్చిన గరిష్ఠ బరువు 500 కిలోలు. సీజీ హద్దులు రెక్క ముందంచు నుంచి వెనక్కి 300 నుంచి 450 మిల్లీమీటర్లు. మొదటిసారి తూచినప్పుడు ఖాళీ విమానం సీజీ 284 వచ్చింది. ముందు హద్దు దాటిపోయిందని టెన్షన్ పడి, 7 కిలోల బ్యాటరీని ఫైర్‌వాల్ అనే ఇంజిన్ వెనక గోడ మీద నుంచి తీసి లగేజీ పెట్టె వెనక్కి మార్చాను. మళ్లీ తూచితే ముందు చక్రం 60, ఎడమ 116, కుడి 114, మొత్తం 290 కిలోలు, సీజీ 326. మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన ఒకే కాటా మీద ఒక్కో చక్రం ఎక్కించి తూచాను. చక్రాల దూరాలు డ్రాయింగులో ఉన్నవే వేసుకున్నాను. ఇద్దరం 75 కిలోల చొప్పున, ఫుల్ ట్యాంకుతో లెక్కేస్తే 404 వచ్చింది. ఇక ఎగరడానికి రెడీయేనా?"

తమ్ముడూ, ఇంకా రెడీ కాలేదు. మీరు కూడికలు, గుణకారాలు తప్పు చేయలేదు, నేను మళ్లీ వేసి చూశాను. ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఒకటి, తూచిన పద్ధతి వల్ల ఆ అంకెలనే నమ్మలేం. రెండోది ఇంకా పెద్దది. బ్యాటరీని వెనక్కి జరపాల్సిన అవసరమే లేదు, జరిపి ప్రమాదం వైపు వెళ్లారు. ముందు ఈ రెండోదే చెప్తాను. చిన్న విమానాల మెయింటెనెన్సులో నా ఉద్యోగ జీవితం గడిచింది. సొంతంగా విమానం కట్టుకునేవాళ్లలో నేను ఎక్కువసార్లు చూసిన అపోహ ఇదే.

డిజైనర్ ఇచ్చిన 300 – 450 అనే హద్దు ఎగిరే విమానానికి. అంటే పైలట్ కూర్చుని, పెట్రోలు పోసి, సామాను పెట్టిన తర్వాత వచ్చే సీజీకి. ఖాళీ విమానం ఎవరూ లేకుండా గాల్లోకి లేవదు కదా. ఇంజిన్ ముక్కు దగ్గర ఉండి, సీట్లు రెక్క కింద ఉన్న ఇలాంటి విమానాల్లో ఖాళీ సీజీ ముందు హద్దు కంటే ఇంకా ముందుకు ఉండటం మామూలు విషయం. మనుషులు కూర్చోగానే అది వెనక్కి వస్తుంది. మీకు 284 వచ్చినప్పుడు కంగారు పడకుండా, అతి తక్కువ బరువున్న పైలట్ ఒక్కడే కూర్చుంటే ఎంత వస్తుందో లెక్కేసి ఉంటే సరిపోయేది.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. మీరు రాసిన దూరాలు: ముందు చక్రం మైనస్ 800, ప్రధాన చక్రాలు 620, సీట్లు 610, రెక్కల్లోని పెట్రోలు ట్యాంకులు 220, లగేజీ 1300. రెక్క ముందంచుకు ముందున్నవన్నీ మైనస్, వెనకున్నవి ప్లస్. పెట్రోలు 60 లీటర్లు, లీటరు 0.75 కిలో చొప్పున 45 కిలోలు. బ్యాటరీ పాత చోటు మైనస్ 350, కొత్త చోటు 1400. బరువును దూరంతో గుణిస్తే వచ్చేదాన్ని మొమెంట్ అంటారు, మొమెంట్లన్నీ కూడి మొత్తం బరువుతో భాగిస్తే సీజీ వస్తుంది. జరిపిన దూరం 1750, బరువు 7, అంటే మొమెంట్‌లో 12,250 కిలో-మిల్లీమీటర్ల తేడా. ఇప్పుడు ఖాళీ విమానం మొమెంట్ 94,600. బ్యాటరీ పాత చోటే ఉంటే 82,350. పొడుగు కేబుల్ బరువు ఇక్కడ వదిలేస్తున్నాను, దాని సంగతి తర్వాత చెప్తాను.

బ్యాటరీ పాత చోటే ఉందనుకుని, 55 కిలోల పైలట్ ఒక్కడే, ట్యాంకులు ఫుల్, లగేజీ లేదు. మొత్తం 390 కిలోలు, మొమెంట్ 1,25,800. సీజీ 323. ముందు హద్దు 300 కంటే 23 మిల్లీమీటర్లు లోపల ఉంది. అంతకంటే తేలికైన పైలట్ మీ విమానం నడపబోడు. కాబట్టి ముందువైపు మీకు సమస్యే లేదు.

ఇప్పుడు వెనుక మూల చూడండి. మీరు 75 కిలోల ఇద్దరు, ఫుల్ ట్యాంకు అనే ఒక్క లెక్క వేసి ఆగిపోయారు. అది మధ్యలో పడే లెక్క, ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. బ్యాటరీ ఇప్పుడున్న చోటే ఉంచి 85 కిలోల ఇద్దరిని కూర్చోబెట్టండి, వెనుక 15 కిలోల సామాను పెట్టండి. 500 దాటకూడదు కాబట్టి పెట్రోలుకు మిగిలేది 25 కిలోలు, అంటే దాదాపు 33 లీటర్లు. మొమెంట్ 2,23,300. సీజీ 447. హద్దు 450, కాబట్టి కాగితం మీద పాసయినట్టే. లేచి వెళ్లిపోతారు. గంటకు పైగా ఎగిరాక ట్యాంకులో అరగంట రిజర్వు, ఓ 8 లీటర్లు మిగిలింది. అంటే 6 కిలోలు. బరువు 481, మొమెంట్ 2,19,120, సీజీ 456. హద్దు దాటి 6 మిల్లీమీటర్లు బయట ఉన్నారు. రన్‌వే దగ్గర హద్దు లోపలున్న విమానం, దిగే వేళకు బయటికి వెళ్లిపోయింది. మీరు గాల్లో ఏమీ జరపలేదు, ఏమీ కలపలేదు. మీ ట్యాంకులు సీజీకి ముందున్నాయి కాబట్టి పెట్రోలు కాలేకొద్దీ ముందు బరువు తగ్గి సీజీ వెనక్కి పోతుంది. ట్యాంకు సీజీకి వెనకున్న విమానాల్లో ఇది తిరగబడుతుంది. అందుకే ప్రతి లోడుకూ రెండు లెక్కలు, లేచేటప్పుడు ఒకటి, రిజర్వు మాత్రమే మిగిలినప్పుడు ఒకటి.

అదే లోడు, బ్యాటరీ పాత చోట ఉంటే లేచేటప్పుడు 422, దిగేటప్పుడు 430. రెండూ హాయిగా లోపలే. మీ విమానానికి డిజైనర్ బ్యాటరీని ఫైర్‌వాల్ మీద పెట్టింది ఇందుకే. దాన్ని తిరిగి అక్కడికే తీసుకెళ్లండి. పొడుగు రాగి కేబుల్ కూడా తీసేయొచ్చు, బరువు తగ్గుతుంది, స్టార్టర్‌కు వోల్టేజీ కూడా బాగా అందుతుంది. కేబుల్ తీసేసినందుకు లెక్క కొంచెం మారుతుంది కాబట్టి తూకం ఎలాగూ మళ్లీ చేయాలి.

వెనుక హద్దు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో వివరిస్తాను. మన ఊళ్లలో ఎడ్లబండి తోలినవాళ్లకు తెలుసు, బస్తాలన్నీ ముందుకేస్తే ఎద్దుల మెడ మీద భారం పడుతుంది, బండి కష్టంగానైనా కదులుతుంది. వెనక్కేస్తే కాడి పైకి లేస్తుంది, ఇక ఎద్దులు ఏమీ చేయలేవు. విమానంలో ముందు బరువెక్కువైతే స్టాల్ స్పీడు, అంటే రెక్క ఇక విమానాన్ని మోయలేని వేగం, పెరుగుతుంది, లేవడానికి ఎక్కువ దూరం కావాలి, దిగేటప్పుడు ముక్కు ఎత్తడానికి తోక మీది ఎలివేటర్ పలక చాలక ముందు చక్రం నేలకు కొట్టుకుంటుంది. ఇవన్నీ నష్టమే, కానీ చాలావరకు రన్‌వే మీదే చేతికి తెలిసిపోతాయి. సీజీ వెనక్కి పోతే మొదట్లో విమానం చాలా తేలిగ్గా, హుషారుగా అనిపిస్తుంది. విమానం నడిపే స్టిక్ రెండు వేళ్లతో కదులుతుంది. చాలామంది దాన్ని మంచి గుణం అనుకుంటారు. అసలు జరిగేదేమిటంటే, గాలి కుదుపుకు ముక్కు పైకి లేస్తే దానంతట అది తిరిగి కిందికి రావాల్సిన గుణం తగ్గిపోతోంది. ఇంకా వెనక్కి పోతే లేచిన ముక్కు ఇంకా లేస్తుంది. అలా స్టాల్ అయి, గిరగిరా తిరుగుతూ కిందికి జారే స్పిన్‌లో పడితే, ముక్కు కిందికి తిప్పే బలం చాలక అందులోంచి బయటపడలేని పరిస్థితి రావొచ్చు. అప్పుడు పైలట్ అనుభవం కూడా పనికిరాదు.

పెద్ద ఉదాహరణ ఒకటి. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ 5481 అనే బీచ్ 1900డీ విమానం లేచిన కాసేపటికే ముక్కు పైకెత్తి కూలిపోయింది. అందులో ఉన్న 21 మందీ చనిపోయారు. ఎలివేటర్ కేబుళ్లు సరిగా అమర్చకపోవడంతో ముక్కు దించే కదలిక తగ్గిపోయింది. దానికి తోడు సీజీ వెనుక హద్దు దాటి ఉంది. ప్రయాణికుల బరువును అప్పట్లో అనుమతించిన సగటు అంకెలతో లెక్కేశారు, కూర్చున్న మనుషులు అంతకంటే బరువున్నారు. సగటు అంకెతో పందొమ్మిది సీట్ల విమానానికే ఆ గతి పట్టింది. మీ విమానంలో ఇద్దరే మనుషులు. వాళ్ల బరువు బట్టలు, బూట్లు, హెడ్‌సెట్, చేతి సంచితో సహా కాటా మీద చూడటానికి రెండు నిమిషాలు చాలు. "నేను 75 ఉంటాను" అన్న మాట తీసుకోకండి. పెళ్లికి ముందు చూసుకున్న బరువే ఇప్పటికీ చెప్పేవాళ్లు చాలామంది.

ఇక తూకం సంగతి. ఒకే కాటా మీద ఒక్కో చక్రం ఎక్కించానని రాశారు. మిగతా రెండు చక్రాల కింద అదే ఎత్తు చెక్క దిమ్మెలు పెట్టానని రాయలేదు. పెట్టకపోతే మీ అంకెలు మూడూ తప్పే. యార్డు కాటా ప్లాట్‌ఫాం నేల నుంచి ఓ 8 సెంటీమీటర్లు ఎత్తు ఉంటుందనుకుందాం. ముందు చక్రం ఒక్కటే దాని మీదికి ఎక్కిస్తే విమానం మూడు డిగ్రీలకు పైగా వెనక్కి వాలుతుంది. మీ విమానం సీజీ నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, ఆ వాలుకు అది దాదాపు 4 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టవుతుంది. ముందు చక్రం మీద 8 కిలోలు తక్కువ చూపిస్తుంది. 4 సెంటీమీటర్లంటే మీరు బ్యాటరీ జరిపి తెచ్చిన మార్పు అంత! పక్క చక్రాల విషయంలోనూ అదే కథ. ఏ చక్రాన్ని ఎత్తితే బరువు దాని నుంచి అవతలికి వాలుతుంది కాబట్టి ఎత్తిన చక్రం ప్రతిసారీ తన వాటా కంటే తక్కువే చూపిస్తుంది. మూడు తక్కువలు కూడితే మొత్తం కూడా తక్కువే వస్తుంది. మీ విమానం అసలు బరువు 290 కంటే ఎక్కువే ఉండొచ్చు. మనం పైన వేసిన లెక్కలన్నీ పద్ధతి తెలియడానికి వాడుకోండి, అంకెలు మాత్రం కొత్త తూకం తర్వాతే నమ్మండి.

సరిగా తూచాలంటే ఒకే రకం ప్లాట్‌ఫాం కాటాలు మూడు కావాలి. మీ చుట్టుపక్కల పత్తి కొనేవాళ్ల దగ్గర, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఇవి దొరుకుతాయి. ఒక ఆదివారానికి అడిగితే ఇస్తారు. 300 కిలోల సామర్థ్యం ఉండి 100 గ్రాముల తేడా చూపించేవి అయితే చాలు. లారీ వే బ్రిడ్జి మీదికి మాత్రం తీసుకెళ్లకండి. అవి 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి, మనకు అక్కర్లేదు. మూడు కాటాలు దొరక్కపోతే ఒకే కాటాతోనూ చేయొచ్చు. అప్పుడు మిగతా రెండు చక్రాల కింద ప్లాట్‌ఫాంతో సరిసమానమైన ఎత్తు దిమ్మెలు తప్పనిసరి, మూడు తూకాల్లోనూ విమానం లెవెల్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

కాటాలు తెచ్చాక విమానం ఎక్కించే ముందు వాటినే పరీక్షించండి. తూనికల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల ఇనుప తూకపు రాళ్లు ఓ ఐదారు తెచ్చి, ఒక్కో కాటా మీద మెల్లగా పేరుస్తూ 20, 40, 60 అని సరిగా చూపిస్తోందో లేదో రాసుకోండి. యూరియా బస్తాలతో పరీక్షించకండి. 50 కిలోల బస్తా అని ఇంకా అలవాటుగా అంటుంటారు గానీ 2018 నుంచి అది 45 కిలోలే వస్తోంది, పైగా గోనె బరువు, తేమ తేడాలు ఉంటాయి. కాటా మధ్యలో ఒకలా, మూలలో ఒకలా చూపిస్తుందేమో కూడా చూడండి. చక్రం ఎప్పుడూ ప్లాట్‌ఫాం మధ్యలోనే ఉండాలి.

విమానాన్ని ఎలా సిద్ధం చేయాలంటే, ఎగిరేటప్పుడు ఏమేం ఉంటాయో అవన్నీ దాని మీద ఉండాలి. కౌలింగ్, స్పిన్నర్, సీటు కుషన్లు, బెల్టులు, రేడియో, తలుపులు అన్నీ. ఇంజిన్ ఆయిలు, కూలెంట్ నిండుగా. పెట్రోలు మొత్తం తీసేసి, విమానం లెవెల్‌లో ఉన్నప్పుడు పంపుకు అందకుండా ట్యాంకులో మిగిలే కొద్ది పెట్రోలును మాత్రం ఉంచాలి. స్పానర్లు, గుడ్డలు, నిన్న మరిచిపోయిన నీళ్ల బాటిల్ బయటికి. రంగు ఇంకా వేయలేదంటే ఇప్పటి తూకం తాత్కాలికమే. తోక మీద వేసిన రంగు కొన్ని కిలోలే అయినా అంత దూరంలో ఉండటం వల్ల సీజీని బాగానే లాగుతుంది. ఎలివేటర్, రెక్క కొసల దగ్గరి ఎలిరాన్ల మీద రంగు మందంగా పడితే ఫ్లట్టర్, అంటే గాలికి అవి అదుపు తప్పి అదిరే ఇంకో ప్రమాదం ఉంది, ఆ సర్ఫేసుల బ్యాలెన్సు విడిగా చూసుకోవాలి.

తూచేది తెల్లవారుజామున చేయండి. దేవరకొండ వైపు పొద్దెక్కాక గాలి లేస్తుంది, రేకుల షెడ్డు సందుల్లోంచి వచ్చే గాలికే రెక్క కొంత బరువు మోస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలి సూటిగా తగిలితే కాటా మీద కొన్ని కిలోల తేడా రాగలదు. తలుపులు వేయండి, ఫ్యాన్లు ఆపండి. బ్రేకులు వదిలి, ముందు చక్రానికి మాత్రం ఆనుడు పెట్టండి, దాని బరువు విడిగా తూచి తీసేయండి. విమానాన్ని కాటాల మీదికి మెల్లగా నెట్టి, రెక్క కొసలు పట్టుకుని కొంచెం ఊపి వదిలేయండి. ప్రధాన చక్రాల కాళ్లు స్ప్రింగులాగా విచ్చుకుని పక్కకు తోస్తూ ఉంటే కాటా తికమక పడుతుంది. అది కుదురుకున్నాక రీడింగ్ తీసుకోండి. దింపి మళ్లీ ఎక్కించి ఇంకోసారి చూడండి. రెండు సార్లకూ అరకిలో కంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడో ఏదో పట్టేసిందని అర్థం.

లెవెల్ అంటే కంటికి సమంగా కనిపించడం సరిపోదు. డిజైనర్ ఏ భాగం మీద స్పిరిట్ లెవెల్ పెట్టమన్నాడో అక్కడే పెట్టాలి, పొడుగునా, అడ్డంగా రెండు వైపులా. ముందు టైరులో గాలి కొంచెం తగ్గించి గానీ, పల్చని చెక్కలు వేసి గానీ సరిచేయొచ్చు. లెవెల్ అయ్యాక రెక్క ముందంచు నుంచి మేస్త్రీ గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. అలాగే మూడు చక్రాల ఇరుసుల మధ్య నుంచి గుండు వేయండి. గుర్తుల మధ్య స్టీలు టేపుతో కొలవండి, ఎడమ, కుడి విడివిడిగా. డ్రాయింగులోని 620ను వాడొద్దని ఇందుకే అంటున్నాను. కట్టేటప్పుడు బోల్టు రంధ్రాల తేడా, కాళ్లు విచ్చుకునే తేడా ఉంటాయి. ప్రధాన చక్రాల దూరంలో ఒక్క సెంటీమీటరు తప్పు పడితే మీ సీజీ దాదాపు 8 మిల్లీమీటర్లు తప్పుతుంది.

సీటు దూరం 610 కూడా డ్రాయింగుదే అయి ఉంటుంది. కుషన్ మందం, మనిషి నడుము, కాళ్ల పొడవు బట్టి అది మారుతుంది. దీన్ని కొలవడానికి చక్కటి మార్గం, విమానం కాటాల మీద ఉండగానే మనిషిని కూర్చోబెట్టడం. 75 కిలోల మనిషి నిజంగా 610 దగ్గర కూర్చుంటే ముందు చక్రం తూకం అరకిలో పెరగాలి. అలా కాకుండా 2 కిలోలు తగ్గిందనుకోండి, అతను అసలు కూర్చున్నది 658 దగ్గర. ఆ తేడాతో ఇందాకటి 85 కిలోల ఇద్దరి లెక్క వేస్తే, బ్యాటరీ ముందుకు తెచ్చినా దిగేటప్పుడు సీజీ 447 అవుతుంది, హద్దు అంచున. అప్పుడు ఆ ఇద్దరితో సామాను పెట్టకూడదని మీ కాగితంలో రాసుకోవాలి. లగేజీ పెట్టెలో ఇసుక సంచి పెట్టి, ట్యాంకులో కొలిచిన 20 లీటర్లు పోసి ఆ దూరాలనూ ఇలాగే సరిచూసుకోండి. మనిషి కూర్చునేటప్పుడు, దిగేటప్పుడు విమానం లెవెల్ మారితే మళ్లీ సరిచేసి రీడింగ్ తీయాలి.

పెట్రోలు లీటరు బరువు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మన బీఐఎస్ ప్రమాణంలో అది 720 నుంచి 775 గ్రాముల మధ్య. 60 లీటర్లకు 3 కిలోల తేడా. మొత్తం బరువు లెక్కకు ఎక్కువ అంకె వేసుకోండి, చాలు.

బరువు విషయం వేరుగా చెప్పాలి. డిజైనర్ ఖాళీ బరువు 270 అన్నాడని, మీది 290 అయిందని, గరిష్ఠం 520 చేసుకోవచ్చా అని చివర్లో ఇంకో మాట అడిగారు. చేసుకోకూడదు. ఆ 20 కిలోలు మీరు వేసుకున్న మందమైన లైనింగ్, పెద్ద టైర్లు, అదనపు పరికరాల నుంచి వచ్చాయి. అవి మీ సామాను నుంచి, పెట్రోలు నుంచి తగ్గాల్సిందే. డిజైనర్ 500 కిలోలకు 4 జీ బలం, అంటే బరువుకు నాలుగు రెట్లు, లెక్కగట్టి ఉంటే ఆ నిర్మాణం 2000 కిలోల లోడు మోయడానికి తయారైనట్టు. మీరు 520 చేస్తే అదే నిర్మాణం 3.85 జీ దగ్గరే హద్దుకు చేరుతుంది. కాగితం మీద అంకె మార్చితే రెక్క లోపలి దూలం (స్పార్) మందం పెరగదు.

మన ఎండలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. మే నెలలో 43 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, విమానానికి 1600 మీటర్ల ఎత్తున్న గాలిలా పలచగా ఉంటుంది. రెక్క ఎత్తేది తగ్గుతుంది, ఇంజిన్ బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగేది తగ్గుతుంది. నల్లగొండ కొంచెం కింద ఉన్నా ఎండాకాలం తేడా పెద్దగా తెలియదు. చల్లటి చోట రాసిన పుస్తకంలోని టేకాఫ్ దూరం చూసి 500 కిలోలతో మిట్టమధ్యాహ్నం లేవాలనుకోవద్దు. ఎండాకాలం ఉదయం ఏడింటిలోపు, తక్కువ బరువుతో.

కాగితాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్, ఎగిరే అనుమతి లేకుండా మొదటి గెంతు కూడా వేయకూడదు. 2025 జనవరి 1 నుంచి పాత ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది, కొత్త ఫారాలు, నియమాలు హైదరాబాద్‌లోని డీజీసీఏ ఆఫీసులో కనుక్కోండి. వాళ్లు అడగకపోయినా లైసెన్స్ ఉన్న ఒక మెయింటెనెన్స్ ఇంజినీర్‌ను తూకం రోజు పక్కన ఉంచుకోండి. తూచిన తేదీ, ఆ రోజు విమానంలో ఉన్న పరికరాల జాబితా, మూడు రీడింగులు, కొలిచిన దూరాలు, అన్నీ ఒక కాగితం మీద ఉండాలి. తర్వాత ఎప్పుడు రేడియో మార్చినా, టైర్లు మార్చినా ఆ కాగితం మారాలి.

మొదటి ఎగురుడుకు ఎవరినీ పక్కన కూర్చోబెట్టొద్దు. బ్యాటరీ ముందుకు తెచ్చాక 75 కిలోల పైలట్ ఒక్కడు, సగం ట్యాంకుతో సీజీ 343 చుట్టూ వస్తుంది, మొదటిసారికి అది మంచి చోటు. ఆ తర్వాత 10 కిలోల ఇసుక సంచులు పక్క సీట్లో పెట్టి, బెల్టుతో బిగించి, స్టిక్ పూర్తిగా అన్ని వైపులా కదులుతోందని చూసి, ఒక్కో ఎగురుడుకు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లండి. ప్రతి మెట్టులో సురక్షితమైన ఎత్తులో స్టిక్ వదిలితే ముక్కు తనంతట తాను కుదురుకుంటోందా, ట్రిమ్ (స్టిక్ మీది భారం తగ్గించే సర్దుబాటు) ఎక్కడికి వస్తోంది, స్టాల్ దగ్గరికి తెస్తే ముక్కు దానంతట దిగుతోందా అని రాసుకోండి. మనుషులతో మీకు అవసరమయ్యే సీజీ 430 దాకా అంటే, అక్కడి వరకు సంచులతో వెళ్లి వచ్చాకే ఇంకో మనిషిని ఎక్కించండి. ఏ మెట్టులోనైనా స్టిక్ మరీ తేలికైతే అక్కడే ఆగి, కాగితంలో మీ వెనుక హద్దును ఇంకా ముందుకు తెచ్చుకోండి. డిజైనర్ 450 ఇచ్చినా సరే.

బ్యాటరీ మార్చి, కాటాలు మూడు తెచ్చి మళ్లీ తూచాక ఆ మూడు రీడింగులు, టేపుతో కొలిచిన దూరాలు, మనిషి కూర్చున్నప్పుడు ముందు చక్రం మీద వచ్చిన మార్పు, ఇవి పంపండి. ఫొటోలో స్పిరిట్ లెవెల్ బుడగ కనిపించేలా తీయండి. లెక్క నేను కూడా వేరుగా వేసి మీ అంకెతో పోల్చి చెప్తాను.